కుళ్ళాయి, రుమాలు, నేను

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ అటక మీది ట్రంకు పెట్టె దించాం. అది మా జేజినాయనది. అందులో రెండు ఇత్తడి చెంబులు, పాత భూమి కాగితాలు, అన్నిటికీ అడుగున ఒక తెల్లటి రుమాలు ఉన్నాయి. మా హోసూరు ప్రాంతంలో రుమాలంటే జేబులో పెట్టుకునే చేతిగుడ్డ కాదు, తలపాగా. పక్కనున్న కన్నడం వాళ్ళకీ ఆ మాటే. విప్పి కొలిస్తే పన్నెండు మూరలుంది. మడతల దగ్గర పసుపు రంగు తిరిగింది గాని నేత ఎక్కడా చెడలేదు. మా మనవరాలు ఒక కొస పట్టుకుని వసారా చివరిదాకా నడిచిపోయి, "ఇంత గుడ్డ తలకెట్లా పడుతుంది తాతా?" అనింది. చుట్టి చూపిద్దామని కూర్చున్నాను. నాకు చేతకాలేదు.

డెబ్బై ఏళ్ళు దాటినవాణ్ణి. ఈ వయసులో బట్టల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కానీ ఆ పూట నుంచి నాకొకటే ఆలోచన. ఇన్నేళ్ళలో నేను ఏమేమి తొడిగాను, ఎవరి కోసం తొడిగాను, ఇది నా తీరు అని ఎప్పటికి తెలుసుకున్నాను? ఆ ప్రశ్న వెంటబడి చరిత్ర పుస్తకాలు తిరగేస్తే, నాకంటే ముందు చాలామంది పెద్దలే ఈ చిక్కులో పడ్డారని తెలిసింది. ముఖ్యంగా సొంత సీమ వదిలి మరో భాష వాళ్ళ మధ్య బతికినవాళ్ళు. మన పత్రిక చదివేవాళ్ళందరూ ఆ కోవలోని వాళ్ళే కాబట్టి ఈ నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 1964లో నేను హైస్కూల్లో చేరిన కొత్త. ఏదో ఫీజు రాయితీ కాగితం మీద పెద్దవాళ్ళు సంతకం చేయాలంటే మా జేజినాయన పల్లె నుంచి నడిచి వచ్చాడు. గోచి పెట్టి కట్టిన పంచె, చేతుల బనీను, తలకు ఈ రుమాలు. తోటి పిల్లలు "ముండాసు, ముండాసు" అని అరవంలో కూతలు పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం దారిలో, "జేజినాయనా, ఇంకొకసారి వస్తే రుమాలు లేకుండా రా. అందరూ నగుతున్నారు" అన్నాను. "సరే లేప్పా" అన్నాడు. అంతే.

మళ్ళీ వచ్చినప్పుడు ఉత్త తలతో వచ్చాడు. చెమటకు తెల్లవెంట్రుకలు నెత్తికి అతుక్కుపోయి ఉన్నాయి. రుమాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను దాని వంక చూస్తుంటే, "ఎండ గదా, పోయేటప్పుడు చుట్టుకుందామని తెచ్చుకొంటి" అన్నాడు, ఏదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. ఆయన నిలబడి సంతకం చేసిన గదిలో గోడకు రాష్ట్రపతి పటం ఉండేది. ఆ పటంలోని పెద్దమనిషి తలకు తెల్లటి పాగా ఉంది. అది నా కంటికి ఆనలేదు. ఆనడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

బట్ట గురించి మన సాహిత్యంలో వినిపించే పాత ఫిర్యాదు ఒకటుంది. అది శ్రీనాథుడిది. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగిన ఆ మహాకవి, రెండవ దేవరాయలు (1424–1446) ఏలుతున్న విజయనగరానికి వెళ్ళాడు. గౌడ డిండిమభట్టును వాదంలో గెలిచి, అతని కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. దర్శనం దొరికే లోపల పడ్డ పాట్లు మాత్రం ఆయన పేరిట నిలిచిన ఒక చాటుపద్యంలో ఉన్నాయి. తలకు కుళ్ళాయి పెట్టుకున్నాననీ, ఒంటికి పెద్ద కూర్పాసం తొడుక్కున్నాననీ, అలవాటు లేని వెల్లుల్లి తిండి తిన్నాననీ, ఇంకా దయ రాలేదా అనీ కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటాడు. చిన్నప్పుడు మాకు బడిలో దీన్ని హాస్యం కింద చెప్పారు. బయటి ఊళ్ళో ఉద్యోగం కోసం టై కట్టుకుని వరండాలో కాచుకున్న తరవాత గాని అందులోని ఉసూరు నాకు అర్థం కాలేదు.

ఇంతకీ కుళ్ళాయి అంటే ఏమిటి? పొడుగ్గా, శంకువులాగా నిలబడే టోపీ. పారశీకపు 'కులాహ్' అనే మాట నుంచి వచ్చింది. దానితోపాటు తొడిగే పొడవాటి అంగీ కబాయి, అరబ్బీ 'కబా'. సుల్తానుల కొలువుల్లో, పారశీక దేశంలో మర్యాదగా చెల్లుబాటయ్యే ఈ ఉడుపును విజయనగరపు రాజులు కొలువు కోసం తీసుకున్నారు. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ తాను చూసిన దేవరాయలు పట్టు అంగీ తొడుక్కున్నాడని రాశాడు. ఫిలిప్ వాగొనర్ అనే చరిత్రకారుడు 1996లో ఈ విషయం మీదే ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. హిందూ రాజులు ఈ దుస్తులు వేసుకున్నది మతం మార్పు వల్లనో ఓటమి వల్లనో కాదనీ, నాటి పెద్ద ప్రపంచంలో తామూ ఒకరమని చూపించుకోవడానికనీ ఆయన వాదన. రాజుకు అది దర్జా. కొలువు గుమ్మం దగ్గర కాచుకున్న కవికి అదే కుళ్ళాయి బరువు.

నూరేళ్ళు గడవక ముందే అదే కుళ్ళాయి మరో తల మీద కనిపిస్తుంది. సుమారు 1520లో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయల్ని దగ్గరగా చూశాడు. తెల్లటి బట్టల మీద బంగారు పోగుతో గులాబీ పూలు కుట్టి ఉన్నాయనీ, మెడలో వజ్రాల పతకం ఉందనీ, తలమీద జరీ టోపీ శిరస్త్రాణంలాగా ఉందనీ, పాదాలు మాత్రం ఉత్తవనీ రాశాడు. తిరుమల గుడిలో రాయలవారి కంచు విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురూ చేతులు జోడించి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు బట్టలు గమనించండి. పైన అంగీ లేదు. ఒంటిమీద నగలు, నడుముకు పంచె, తలకు మాత్రం ఆ పొడుగు కుళ్ళాయి. కొలువు కోసం వేసుకునే కబాయిని ఆయన దేవుడి ముందు తీసేశాడు, కుళ్ళాయిని ఉంచుకున్నాడు. బయటి నుంచి వచ్చిన దానిలో ఏది ఎప్పుడు ఉంచుకోవాలో, ఏది ఎక్కడ విడవాలో ఆయన చేతిలో ఉంది. శ్రీనాథుడికి ఆ వెసులుబాటు లేకపోయింది.

1981లో నేను మొదటిసారి లేపాక్షి వెళ్ళాను. బెంగుళూరు మీదుగా మాకు ఒక పూట ప్రయాణం. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ గుడి పైకప్పు చిత్రాల్లో విరూపణ్ణ, వీరణ్ణ, వారి పరివారం పొడుగు కుళ్ళాయిలతో వరసగా నిలబడి ఉంటారు. ఆడవాళ్ళ చీరల్లో గీతలు, గళ్ళు, పూలు, లతలు ఎన్ని రకాలో లెక్క తేలదు. ఒక చీర అంచు ఉన్నట్టు మరొకటి లేదు. మెడ పట్టేసేదాకా పైకి చూస్తూ ఉండిపోయాను. అప్పుడు నా ఒంటిమీద ఏముందనుకున్నారు? సఫారీ సూటు. మా ఆఫీసులో పన్నెండు మందిమి ఉంటే, పదిమందికి ఆ ఏడు అదే బూడిదరంగు సఫారీ సూటు.

అంతకుముందు, బెంగుళూరులో కాలేజీ చదువు రోజుల్లో బెల్‌బాటం పాంట్లు, భుజాల దాకా పరుచుకునే కాలరు చొక్కాలు వేశాను. సినిమా హీరో వేశాడు గనక రూమ్మేటు వేశాడు, వాడు వేశాడు గనక నేను వేశాను. నా కాళ్ళు పొట్టివి. ఆ పాంటులో నేను రెండు గోనెసంచుల్లో నిలబడ్డట్టు ఉండేవాణ్ణని మా అమ్మ అనేది. మా అమ్మ ఎవరినీ చూసి చీర కట్టలేదు. ముతక నూలు చీర, ఎప్పుడూ ముదురు రంగు, పొలంలోకి దిగితే కుచ్చిళ్ళు ఎగదోపే కట్టు. ఆమె పనికి ఏది కుదురుతుందో ఆమెకు తెలుసు. చదువుకున్న నాకే తెలియలేదు.

నాకు బట్ట చూడడం నేర్పింది సేలం మగ్గాలు. బ్యాంకు ఉద్యోగం మీద అక్కడ ఆరేళ్ళున్నాను. సేలం తెల్ల పట్టు పంచె పేరు మీరు విని ఉంటారు. అక్కడి నేతగాళ్ళలో మన పద్మశాలీలు, దేవాంగులు, గుజరాతు వైపు నుంచి వచ్చిన సౌరాష్ట్రులు ఉన్నారు. అప్పు కాగితాల పని మీద బ్యాంకుకు వచ్చే ఒక పద్మశాలి పెద్దాయన నాతో తెలుగులో మాట్లాడేవాడు. ఒకరోజు ఆయన ఇంటికి పంచె కొనడానికి వెళ్ళాను. ధర అడగబోతే ఆయనే నన్ను ఎదురు అడిగాడు: "మీరు కూర్చునే మనిషా సార్, తిరిగే మనిషా?" నాకు అర్థం కాలేదు. నూరో నంబరు నూలు సన్నం, కూర్చునేవాడికి అందం, తిరిగేవాడి ఒంటిమీద నలిగి జారుతుంది. అరవైలో నేస్తే కాస్త ముతకగా ఉన్నా నిలబడుతుంది. పొట్టి మనిషి వెడల్పు అంచు కడితే ఇంకా పొట్టిగా కనబడతాడు, వేలెడంత అంచు చాలు. ఎనిమిది మూరల పంచె మడిచి కట్టేదానికీ, నాలుగు మూరలది ఒంటిపొరగా చుట్టేదానికీ నడకే మారిపోతుంది. ఇవన్నీ ఆయన పావుగంటలో చెప్పాడు. నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి నన్ను ఒకరు నా బట్ట గురించి కాకుండా నా ఒంటి గురించి, నా నడక గురించి అడిగారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బయట స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఏ ఊరికి పోయినా ఆ ఊరి ఉడుపు తీరును నేసి ఇచ్చిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. కంచి పట్టు నేసే దేవాంగులు, శాలీలు రాయల కాలంలో తెలుగు సీమ నుంచి వచ్చారని వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుంటారు. అంచు ఒక రంగు, ఒడలు ఒక రంగుగా వేరు వేరు నాడెలతో నేసి అతుకు తెలియకుండా కలిపే కోర్వై పనిని ఈనాడు దేశమంతా అరవ సొగసుగా ఎరుగును. ఒడిశాలో బరంపురం పట్టుకు గుడి గోపురం వంటి అంచు ఉంటుంది. దాన్ని ఫొడా కుంభ అంటారు. అక్కడి మగ్గాల వెనకా తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి. మహారాష్ట్రలో షోలాపూరు దుప్పటికి పేరు తెచ్చినవాళ్ళలో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలే ముందు. మరి ఇన్ని తీర్లు నేసిన మనకు మన తీరేదని అడిగితే నీళ్ళు నములుతాం.

నాకూ అదే అయింది. పెద్దాయన చెప్పిన పంచె కొని, అడ్డంగా చుట్టి, పైకి మడిచి కట్టి, విజయవాడలో దాయాదుల పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో ఒకాయన, "తమరు అరవలా అండీ?" అని మర్యాదగానే అడిగాడు. నేను తెలుగులో జవాబు చెబితే, "మీ తెలుగు బాగానే ఉందే!" అని మెచ్చుకున్నాడు. ఇంటికి తిరిగి వస్తే ఇక్కడి కుర్రాళ్ళకు నేను 'గొల్టి'ని. బట్ట చూసి అక్కడివాళ్ళు, మాట విని ఇక్కడివాళ్ళు నన్ను పక్కకు నెట్టారు. ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టక, అసలు ఇటువంటి మనుషుల్లో తమ తీరు తాము నిలుపుకున్నవాళ్ళెవరా అని వెతుక్కున్నాను. ఇద్దరు గుర్తుకొచ్చారు.

ఒకరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రలో ఉంది. ఆయన పుట్టింది మాత్రం కన్నడ దేశంలోని ముద్దెనహళ్ళిలో. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. ఆయన ఫొటో ఏది తీసుకున్నా ఒంటికి ఇంగ్లీషు వాళ్ళ సూటు, మెడకు టై, తలకు జరీ పట్టీ ఉన్న మైసూరు పేటా. ఆ మూడూ ఆయన పూర్వీకుల ఊరివి కావు. వృత్తి నుంచి సూటు, కొలువు నుంచి పేటా తీసుకున్నాడు. నూరేళ్ళు బతికిన మనిషి, ఆ తీరు వదలలేదు. ఇవాళ ఎవరు గీసినా, పేటా గీసి కింద సన్నటి ముఖం గీస్తే చాలు, అది విశ్వేశ్వరయ్యే.

రెండోవారు మా బడి గోడ మీది పెద్దమనిషి, సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888లో తిరుత్తణిలో పుట్టాడు. ఆ ఊరు 1956 తరవాత కొన్నాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే ఆ ఊరికే రెండు చొక్కాలు. ఆయన 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడయ్యాడు, తరవాత మాస్కోలో రాయబారి, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. ఎక్కడికి వెళ్ళినా తెల్ల పాగా, పొడుగు కోటు, పంచె. కోటు ఉత్తరాది నుంచి వచ్చింది, పంచె, పాగా మన వైపువి. అన్నీ పాత సరుకే గాని, కలిపిన తీరు ఆయనది. చలి దేశమైనా, రాజభవనమైనా అది మారలేదు. 1964లో ఆ తలపాగా కింద నిలబడి మా జేజినాయన ఉత్త తలతో సంతకం పెట్టాడు. దేశాధిపతికి తగినది మా జేజినాయనకు తగదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

గాంధీ గారి ఆత్మకథలో ఒక ఘట్టం చదివినప్పుడు ఈ ముల్లు ఇంకా లోతుగా దిగింది. 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్ళిన కొత్తలో డర్బను కోర్టులో మేజిస్ట్రేటు ఆయన్ని తలపాగా తీయమన్నాడు. తీయనని లేచి వచ్చేశాడు. మరుసటి ఏడు బాలసుందరం అనే అరవ కూలీ, యజమాని కొట్టిన దెబ్బలకు పళ్ళు ఊడి, నెత్తురు కారుతూ ఆయన దగ్గరికొచ్చాడు. వచ్చినవాడు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దొరల ముందుకు వెళ్ళాలంటే కూలీలు అలా తీయాలన్నది అక్కడి అలవాటు. గాంధీ ముందు ఆ గుడ్డ తలకు కట్టుకోమన్నాడు. అతను జంకుతూనే కట్టుకున్నాడు గాని, ముఖంలో సంతోషం కనబడిందని రాశారు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఆ నేటాలుకు పోయిన కూలీల్లో అరవవాళ్ళతోపాటు మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఎన్ని తలగుడ్డలు అలా చేతుల్లోకి దిగాయో!

అదే గాంధీ 1921 సెప్టెంబరు 22న, నాయక రాజులు ఏలిన మదురలో, తన టోపీని, చొక్కాను తానే విడిచేశాడు. ఖద్దరు కొనే స్తోమత లేని పేదల్ని చూసి, అక్టోబరు నెలాఖరు దాకా కొల్లాయి ఒక్కటే చాలునని మొదలుపెట్టి, బతికినన్నాళ్ళూ అలాగే ఉన్నాడు. డర్బనులో తీయనన్న మనిషే మదురలో తీసేశాడు. మొదటిదాన్ని మరొకరు తీయించబోయారు. రెండోది తాను తీసుకున్న నిర్ణయం. నాకు కావలసిన జవాబు ఈ రెంటి నడుమ దొరికింది. బట్ట మనదా పరాయిదా అన్న లెక్క తేలేది కాదు. కుళ్ళాయి పారశీకం నుంచి, కోటు ఉత్తరాది నుంచి, అడ్డపంచె అరవదేశం నుంచి రావచ్చు. పెట్టుకోవడం, తీయడం మన చేతిలో ఉంటే అది మన తీరు. మా జేజినాయన రుమాలు తీసింది ఆయన ఇష్టం మీద కాదు. పన్నెండేళ్ళ పిల్లవాడి సిగ్గు తీయించింది.

ఇప్పుడు నా తీరు ఏమిటంటే చెబుతాను. అరవై నంబరు నూలు తెల్ల పంచె, ఎనిమిది మూరలు, వేలెడంత అంచు. రోజూ అడ్డంగానే కడతాను. అది నేను పుట్టి పెరిగిన చోటు నాకిచ్చింది. పండగ పూట గోచి పెట్టి కడతాను. అది మా జేజినాయనది. పైన అరచేతుల చొక్కా, కన్నడం వైపు దొరికే లేత రంగు నూలుది, కుడివైపు జేబు. కళ్ళజోడు అటు పెట్టుకునే అలవాటని దర్జీకి చెప్పి పెట్టించుకున్నాను. భుజాన తువాలు. విజయవాడలో ఎవరైనా అరవలా అని అడిగితే, హోసూరు తెలుగువాళ్ళమని చెప్పి కూర్చుంటాను. మునుపటిలా గుండె గుబేలుమనదు. ఈ మాత్రానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

రుమాలు సంగతి మిగిలింది. సంక్రాంతి వెళ్ళాక మా పల్లెకు పోయి, ఇప్పటికీ చుట్టుకునే ఒక రైతు దగ్గర నేర్చుకున్నాను. ఒక కొసను ఎడమ చెవి మీద బిగబట్టి, గుడ్డను మెలితిప్పుతూ, ప్రతి చుట్టూ కిందటి చుట్టులో సగం కప్పేట్టు తేవాలి. రెండో మనిషి అవతలి కొసను లాగి పట్టుకుంటే సులువు. చిన్నప్పుడు జేజినాయనకు అలా కొస పట్టుకున్నది మా నాయన. నేను ఎన్నడూ పట్టుకోలేదు. ఇంటికొచ్చి మూడోసారికి ఎలాగో నిలబెట్టాను. కొస పట్టుకున్నది మనవరాలు. రోజూ కట్టుకుంటానని చెప్పను, అది నా తీరు కాదు. ఏటా ఆయన పెద్దలపూట రోజున మాత్రం కట్టుకుంటాను.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలోనూ అటకల మీద ఇటువంటి పెట్టెలుంటాయి. సేలంలో, షోలాపూరులో, బరంపురంలో, బళ్ళారిలో, యానాంలో మీ పెద్దలు ఏమి కట్టారో, ఎన్ని మూరలు కట్టారో, ఏ పేరుతో పిలిచారో, ఎప్పుడు ఎందుకు మానేశారో అడిగి రాసిపెట్టండి. మానేసిన కారణం తప్పకుండా అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఉన్నప్పుడే అడగండి. నేను అడగవలసిన మనిషి 1971లో పోయాడు.